నారుమడి పురుగుకి ఊరి పేరు

నేను అయిదో తరగతిలో బడి మానేశాను. ఆ అర్హత మీదే, పురుగుల శాస్త్రం చదివిన పెద్దమనిషి ఆమదాలవలసలో రైలు దిగిన రోజున ఆయన సీసాల పెట్టె మోసే ఉద్యోగం నాకు దక్కింది. అది పంతొమ్మిది వందల అరవై ఏడో, అరవై ఎనిమిదో.

ఆ ఏడు మా మావ నారుమడికి తామర పురుగు పట్టింది. ఆకుల కొనలు సూదుల్లా చుట్టుకుని ఎండిపోతున్నాయి. దానికి మా వైపు మందు తేలికే. నారు మునిగేలా నీరు పెడితే పురుగు కొట్టుకుపోతుంది. అత్త గట్టు తెగ్గొట్టడానికి పార ఎత్తింది. అంతలో ఆ పెద్దమనిషి తడిచెయ్యి నారు మీద రాసి చూసుకున్నారు. అరచేతి నిండా నల్లటి నలుసులు. ఆయన ముఖం పెళ్ళికొడుకులా వెలిగింది.

"పురుగుల్లో చాలా చిన్న కుటుంబం ఇది. నాలుగైదు రకాలే. ఇది కొత్తది కావచ్చు. మగది దొరికితేగానీ తేలదు. అందాకా నీరు పెట్టకండి."

"కొత్తదయితే పేరేటెడతారు బాబూ?" అన్నాడు మావ.

"దొరికిన ఊరి పేరు పెట్టడం కద్దు."

అంతే, మావ పార లాక్కున్నాడు. పక్క ఊరికి పోస్టాఫీసు వచ్చిన దగ్గర్నుంచి ఆయనకి కంటిమీద కునుకు లేదు. మనకి పురుగైనా ఉండాలి కదా!

"సూడే, ఇంగిలీసు పుస్తకంలో మన ఊరి పేరు వస్తాది!"

"పేరు వండుకు తింతావేటి? నారు సచ్చిపోతన్నాది!"

మూడు రోజులు మా అరుగు మీద భూతద్దాల యంత్రం నడిచింది. పురుగు మీసానికి కణుపులు ఏడా, ఎనిమిదా అన్నది పెద్దమనిషి బెంగ. చదువులో నేను అయిదు దాటలేదు, దాని మీసం ఏడుకి చేరింది. దొరికినవన్నీ ఆడవే.

"మావా, పనున్న సోట మగోళ్ళు కనబడరులే" అన్నాను.

"నోర్ముయ్యరా!"

నాలుగోనాడు పొద్దున్నే అత్త ఎవరికీ చెప్పకుండా గట్టు తెగ్గొట్టింది. మావ గోచీ సర్దుకుంటూ పరిగెత్తాడు.

"ఒసే, మగది మునిగిపోతాది!"

"మగది గట్టు మీదే అరుస్తన్నాది. సీసాలో ఎట్టుకోమను!"

నారు సగమే బతికింది. పల్లపు చేనుకే చాలింది. మెరక చేనులో అత్త చోళ్ళు, అదే రాగులు, వేసింది.

పంట ఇంటికి వచ్చాక, తిరిగి వెళ్ళిపోయిన ఆ పెద్దమనిషి ఉత్తరం రాశారు. తెలుగులోనే కాబట్టి నేనే చదివాను. పురుగు పాతదేనట. ఎక్కడో ఎవరో ఎప్పుడో పేరు పెట్టేశారట. కాకపోతే మీసం లెక్క కుదరక దాన్ని ఇప్పుడు వేరే కుటుంబంలోకి మారుస్తారట.

చోడి అంబలి తాగుతున్న మావ తలెత్తాడు. "మారస్తారా? అయితే మన ఊరి పేరెట్టమని రాయరా!"

అత్త ఆయన గిన్నెలో ఇంకో గరిటె అంబలి పోసింది.