కుర్చీ దిగకుండా రీబౌండ్లు పట్టిన నంబర్ ఫోర్

మొన్న శుక్రవారం షార్జాలో ఒక బాస్కెట్‌బాల్ మ్యాచ్ జరిగింది. అందులో అందరికంటే బాగా ఆడిందెవరో తెలుసా? మోకాలికి కట్టు కట్టుకుని, పక్కన చేతికర్ర పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాయన! నమ్మరు కదా. పెద్ద స్క్రీన్ మీద లెక్కలతో సహా వేశారు. ఆ లెక్కలిచ్చిన మహానుభావుణ్ణి నేనే. ఉద్యోగం ఇంకా ఉంది కాబట్టి ఇలా టీ తాగుతూ చెప్తున్నా గానీ, లేకపోతే ఈపాటికి జగిత్యాల బస్సెక్కి కూర్చునేవాణ్ణి.

మా కంపెనీ ఆటల పోటీలకు స్కోర్‌బోర్డులు, స్క్రీన్లు అద్దెకిస్తుంది. నేను ఇండస్ట్రియల్ ఏరియాలో మా రేకుల గోడౌన్‌కి స్టోర్‌కీపర్ని. ఎండాకాలం వచ్చిందంటే ఆ రేకుల కింద మనిషి అప్పడంలా వేగిపోతాడు. ఎలాగైనా ఏసీ హాళ్ళలో తిరిగే ఈవెంట్ టీంలో పడాలని రెండేళ్ళుగా మా ముదీర్ చుట్టూ తిరుగుతున్నా, ముదీర్ అంటే ఇక్కడ మేనేజర్ లెండి.

ఇంతలో ఈ మ్యాచ్ వచ్చింది. ఇక్కడి క్లబ్బు ప్రొఫెషనల్ టీం అయ్యాక ఆడే మొట్టమొదటి ఆట, అదీ మనీలా నుంచి వచ్చిన టీంతో! పోస్టర్ల నిండా ‘హిస్టారిక్ గేమ్’ అని రాశారు. సరిగ్గా ఆ రోజే లెక్కలు చెప్పే కుర్రాడికి జ్వరం. ముదీర్ గోడౌన్‌కే వచ్చేశాడు.

“రాజూ, బాస్కెట్‌బాల్ మాలూమ్?”

“మాలూమ్ సార్, బచ్‌పన్ సే!” అన్నా. చిన్నప్పుడు నేనాడింది కబడ్డీ. కానీ ఏసీ పిలుస్తుంటే ఎవరైనా కాదంటారా?

“మ్యాచ్ సాఫీగా అయితే ఈవెంట్ టీంలో వేస్తా. గడ్‌బడ్ అయితే నీ వీసా రెన్యువల్ గురించి ఆలోచించాల్సి వస్తుంది. యల్లా, పద!” అన్నాడు. వచ్చే నెలే నా రెన్యువల్.

వ్యాన్‌లో వెళ్తుంటే జోజో పాఠం చెప్పాడు. జోజో మా కంప్యూటర్ ఆపరేటర్, ఫిలిప్పీన్స్ మనిషి, బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం. బుట్టకు తగిలి కిందికొచ్చే బంతిని పట్టుకుంటే రీబౌండ్, బుట్ట వేసేవాడికి బంతి అందిస్తే అసిస్ట్. ఆ పని ఇక్కడి టీంలో ఎవడు చేస్తే వాడి జెర్సీ నంబర్ నేను చెప్పాలి, జోజో కొట్టాలి. అంతే! స్కోరు, గోలు మనకెందుకు, దానికి వేరే వాళ్ళున్నారు.

హాల్లోకెళ్తే షార్జా, అజ్మాన్‌లలో ఉన్న ఫిలిప్పీన్స్ వాళ్ళంతా అక్కడే ఉన్నట్టుంది. డప్పులు, ఈలలు, అరుపులు! నేను టేబుల్‌కి ఈ చివర, జోజో ఆ చివర హెడ్‌ఫోన్లు పెట్టుకుని. మొదటి రీబౌండ్‌కి “సెవెన్!” అని గొంతు చించుకున్నా. జోజోకి వినపడలేదు. “హ్యాండ్, బ్రదర్, హ్యాండ్!” అని, రీబౌండ్‌కి కుడిది, అసిస్ట్‌కి ఎడమది అని సైగ చేశాడు. ఓహో, చేత్తో చూపించాలన్న మాట! అది మనకు వెన్నతో పెట్టిన విద్య. గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ గోలలో నేనూ, మా ఊరి మల్లేశూ రోజంతా అట్టపెట్టెల లెక్క చేత్తోనే చెప్పుకుంటాం.

ఇక చూస్కోండి. రీబౌండ్! కుడి చెయ్యి లేపా. అసిస్ట్! ఎడమ చెయ్యి లేపా. జోజో ఒక్క చూపు నా చేతి మీద, తర్వాత కీబోర్డు మీద. ఏం జోడీరా మాది అని నన్ను నేనే మెచ్చుకున్నా. మధ్యలో జోజో ఇటు వంగి “బ్రదర్, నంబర్ ఫోర్ వెరీ స్ట్రాంగ్ టుడే!” అని అరిచాడు కూడా. నేను తలూపా. ఎవడో బాగా ఆడుతున్నట్టున్నాడులే అనుకున్నా.

హాఫ్‌టైం. పెద్ద స్క్రీన్ మీద మెరుపులు, మ్యూజిక్. ‘ఫస్ట్ హాఫ్ హీరో’ అని ఒక ఫొటో. రీబౌండ్లన్నీ ఆయనవే, అసిస్టులన్నీ ఆయనవే, మిగతా టీం అందరికీ సున్నాలే! హాలంతా ఒకసారి స్క్రీన్ వైపు, ఒకసారి పక్కన కుర్చీలో కూర్చున్నాయన వైపు చూసింది. తర్వాత నవ్వులే నవ్వులు. కట్టు కట్టుకున్న నంబర్ ఫోర్ నెమ్మదిగా చేతికర్ర మీద లేచి నిలబడి, గుండె మీద చెయ్యేసి జనానికి వంగి దండం పెట్టాడు. అంతకు ముందే మనీలా కోచ్ చేతికి మా లెక్కల కాగితం అందింది. ఆయన తన టీం కుర్రాళ్ళని పోగేసి “నంబర్ ఫోర్‌ని వదలకండి!” అంటున్నాడట. వాళ్ళేమో కోర్టంతా వెతుక్కుంటున్నారు.

ముదీర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. “షూ హాదా? ఏంటిది?” వీసా ఖలాస్, ఏసీ ఖలాస్, నేనూ ఖలాస్!

జోజో మాత్రం శాంతంగా “బ్రదర్, షో మీ సెవెన్” అన్నాడు. చూపించా.

“ఫోర్” అన్నాడు.

“ఫోర్ ఏంది! సెవెనే!”

“షో ఎయిట్.” చూపించా. “ఫోర్” అన్నాడు మళ్ళీ.

అప్పుడు నా చెయ్యి నేనే చూసుకున్నా. మనం కణుపుల మీద లెక్కపెడతాం కదా! చిటికెన వేలి కింది కణుపు నుంచి ఒకటి, రెండు, మూడు... బొటనవేలు మధ్యవేలి మొదటి కణుపు మీద పెడితే ఏడు. మల్లేశ్ అయితే గోడౌన్ ఆ మూల నుంచే చదివేస్తాడు. జోజోకి కణుపులేం తెలుసు? బొటనవేలు ఎక్కడ పెట్టినా అతనికి నాలుగు వేళ్ళు నిలబడే కనిపిస్తాయి. ఎంత చూపించినా నాలుగే! నేను ఆటే చూశా, అతను చెయ్యే చూశాడు. కుర్చీలో ఉన్న నంబర్ ఫోర్‌ని ఇద్దరం చూడలేదు.

ఇంతలో మ్యాచ్ కమిషనర్ వచ్చాడు, తెల్ల జుట్టు పెద్దాయన. నేను కళ్ళు మూసుకున్నా. ఆయన నవ్వాపుకుంటూ “నేను సంతకం పెట్టేదాకా ఏదీ అఫీషియల్ కాదు. వీడియో ఉంది, చూసి సరిచేయండి. స్కోరుకేం కాలేదుగా!” అన్నాడు. అబ్బ! ఆ మాటకు నా ప్రాణం లేచొచ్చింది. ఆయన కాళ్ళకు దండం పెట్టబోతే జోజో చొక్కా పట్టి లాగాడు.

సెకండ్ హాఫ్‌లో జోజో పక్కనే కూర్చుని చెవిలోకి అరిచా. ఆట అయ్యాక వీడియో ముందేసుకుని మొదటి సగం మొత్తం సరిచేశాం. కమిషనర్ సంతకం పెట్టాడు. మల్లేశ్‌కి ఫోన్ చేసి చెప్తే అరగంట నవ్వి “ఏందిరా బై, గా నంబర్ ఫోర్‌కు జెర ప్రైజన్న ఇయ్యకపోయిన్రు!” అన్నాడు.

మర్నాడు ముదీర్ పిలిచాడు. రెన్యువల్ మీద సంతకం పెట్టాడు. “ఈవెంట్ టీంలో కూడా వేశా” అన్నాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏసీ హాళ్ళే ఇక! ఏం పని సార్ అని అడిగా.

మ్యాచ్‌కి ముందు కుర్చీలు మోయడం, మ్యాచ్ అయ్యాక కుర్చీలు మోయడం. నా రెండు చేతులూ ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండని పని వెతికి మరీ ఇచ్చాడట.