మచ్చలు లేని చిరుత

ఆ రోజుల్లో కామారెడ్డి చుట్టుపక్కల ఏ పెళ్లి జరిగినా ఆ పెళ్లికి వెలుగు నేనే. ఇది గొప్ప కాదు, ఉద్యోగం. స్టేషన్ రోడ్డులోని ఒక ఫోటో స్టూడియోలో నాది లైటు పట్టుకునే పని. వీడియో తీసేవాడి పక్కన నిలబడి, సూర్యుడి సొంత తమ్ముడిలాంటి దీపాన్ని రెండు చేతులా తలకంటే పైకి ఎత్తి, అత్తగారు కళ్లు తుడుచుకుంటే అటూ, మామగారు లడ్డూ కొరికితే ఇటూ తిప్పాలి. ఆ వేడికి నా కుడిచెంప ఎడమచెంప కంటే పదేళ్లు ముందే ముసలిదైపోయింది. (ఇప్పటికీ నా గడ్డం కుడివైపు ఎక్కువ నెరిసి ఉంటుంది. డాక్టర్లు ఒప్పుకోరు, వాళ్లు ఏనాడైనా లైటు పట్టుకున్నారా?) భిక్నూర్ నుంచి బీర్కూర్ దాకా నేను వెలిగించని పెళ్లికూతురు లేదు, నన్ను గుర్తుపట్టే పెళ్లికూతురూ లేదు. లైటు వెనక నిలబడినవాడు ఎవరికి కనబడతాడు?

నా ప్రాణమంతా ఫోటోలు తీసే కెమెరా మీదే ఉండేది. దాన్ని మా సేటు తప్ప ఎవరూ ముట్టకూడదు. సేటంటే స్టూడియో యజమాని. ఆయన పొట్ట ముందు గదిలోకి వచ్చిన కాసేపటికి ఆయన వచ్చేవాడు. ఎప్పుడు అడిగినా ఒకటే మాట: "ఆగురా, కెమెరా ఇచ్చుడంటే పిల్లనిచ్చుడే. ఊకెనే ఇస్తరా?" ఒకరోజు చాయ్ తాగుతూ నేను నోరు జారాను. ఎల్లారెడ్డి దగ్గర మా బావ వాళ్ల ఊరి బయట గుట్టమీద రోజూ పొద్దుగూకే వేళ ఒక చిరుతపులి వచ్చి కూర్చుంటోందట, కెమెరా ఇస్తే దాని ఫోటో తెస్తానన్నాను. స్టూడియో మొత్తం నవ్వింది. గోడమీది పెళ్లికూతుళ్లు కూడా నవ్వినట్టే అనిపించింది.

సేటు మాత్రం నవ్వలేదు. చాయ్ గ్లాసు కింద పెట్టి, "అక్షింతలు మీద పడితేనే నీ చేతులు వణుకుతయ్. చిరుత ముంగట ఎట్ల వణుకుతయో నాకూ సూడాలని ఉన్నది. పో, ఫోటో దింపుకరా. మంచిగొస్తే వచ్చే లగ్గం నుంచి కెమెరా నీదే. రాకుంటే మాత్రం ముసలోనివయ్యేదాక లైటే. మల్ల కెమెరా అన్న మాట నీ నోట్లకెల్లి రావద్దు" అన్నాడు. పాత కెమెరా ఇచ్చాడు, అందులో కార్డు పెట్టి ఇచ్చాడు, ఫ్లాష్ మాత్రం ఇవ్వలేదు.

"ఫ్లాష్ పోతే మల్ల దొరకదు. కార్డు గిట జాగ్రత్త, రేపటి లగ్గానికి కావాలె."

"మరి నేను పోతే సేటూ?"

"నువ్వు పోతే లైటుకు ఇంకొకడు దొరుకుతడు తియ్."

ఆ దీవెన తీసుకొని ఎల్లారెడ్డి బస్సు ఎక్కాను. ఆఫ్రికాలో సఫారీకి పైకప్పు తెరుచుకునే జీపులు ఉంటాయని విన్నాను. మా సఫారీకి అసలు పైకప్పే లేదు. అది టమాటాలు మోసే మా బావ ట్రాలీ ఆటో. బావ అంటే మా అక్క మొగుడు. మనిషి ఆరడుగులు, మీసం ఇంకో అడుగు, గొంతు పోచారం చెరువు అలుగు పారినట్టు ఉంటుంది, ధైర్యం మాత్రం చెంచాలో పట్టేటంత. బయలుదేరేముందు అక్క సర్వపిండి మూట కట్టిస్తూ నన్ను పక్కకు పిలిచి, "తమ్మీ, పులిని తర్వాత సూద్దువుగాని, ముందుగాల మీ బావను సూస్కో. భయమైతే నిన్నిడిసి ఉరుకుతడు. నా పెండ్లినాడు బ్యాండు సప్పుడుకే ఉరికిండు" అంది. బావ అది విన్నాడు. "అది బ్యాండు సప్పుడు గాదే, బాంబు సప్పుడు" అని సరిదిద్దాడు.

పోచారం వైపు పోయే రోడ్డు మీద కొంత దూరం వెళ్లి, బండిబాట పట్టి, గుట్టకు ఎదురుగా ఆటో ఆపాం. నేను వెనక ట్రాలీలో తవుడు బస్తామీద కెమెరా ఆనించి బోర్లా పడుకున్నాను. ఎదురుగా ఏనుగంత బండ. (మా బావ లెక్కలో రెండు ఏనుగులు.) సూర్యుడు గుట్ట వెనక్కి దిగిపోతున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు, నా జీవితంలోని పెద్ద ఎగతాళి. ఇన్నేళ్లు ఊరందరికీ వెలుతురు పట్టినవాడిని, నాకు అవసరమైన పూట పట్టుకుందామంటే చిటికెడు వెలుతురు లేదు. కెమెరా కన్ను ఎంత తెరుచుకోగలదో అంతా తెరిచాను. వెలుతురు పట్టే దాని చురుకుదనాన్ని చివరి గీత దాకా పెంచాను. అలా పెంచితే బొమ్మంతా ఇసుక చల్లినట్టు రవ్వలు రవ్వలుగా వస్తుంది, పెంచకపోతే నల్లగా వస్తుంది. ఇక మిగిలింది ఒకటే దారి: షట్టరు నిదానంగా పడనివ్వాలి, అది పడేదాకా కెమెరా వెంట్రుకంత కూడా కదలకూడదు. అయితే కెమెరా కదలడం కాదు, గజగజ వణుకుతోంది. నా చేతులు కావు పాపం. ఆటో.

"బావా, ఇంజన్ బంద్ చెయ్."

"చెయ్య."

"గిట్ల వణుకుతుంటే ఫోటో ఎట్లొస్తది?"

"బంద్ చేస్తే ఉరుకుడెట్ల బామ్మర్దీ? గిది కొట్టంగనే స్టార్ట్ కాదు. తాడు గుంజాలె, తిట్టాలె, మల్ల గుంజాలె. అంతసేపు నీ చిరుత ఆగుతదా?"

"బావా, నీ కాళ్లు మొక్కుత. గీ ఫోటో రాకుంటే నా బతుకంత లైటే."

"గీ ఇంజన్ ఆగితే నీకు బతుకే ఉండదు, ఇంక లైటెక్కడిది?"

అలా మేము వాదించుకుంటూ ఉండగానే బండమీద ఏదో పొడుచుకొచ్చింది. ముందు రెండు చెవులు, తర్వాత ఒక తల, ఆ తర్వాత ఇక ఎంతకూ అయిపోని ఒళ్లు. చిరుత. ఎవరో తీరిగ్గా కూర్చుని ఒక్కో మచ్చా దిద్దినట్టుంది. వచ్చి, తోక సర్దుకొని, మా ఊరి సర్పంచు కుర్చీలో కూర్చున్నంత నెమ్మదిగా కూర్చుంది. బావ ఇంజన్ ఆపేశాడు. నా మాట విని కాదు, చేయి బిగుసుకుపోయి తాళంచెవి తిరిగిపోయింది. లోకమంతా నిశ్శబ్దం. నా గుండె ఒక్కటి మాత్రం బరాత్ డప్పులా కొట్టుకుంటోంది.

చిరుత గుట్ట కింది చెరువు వైపు చూస్తోంది. నాకు దాని చెవి వెనక భాగం తప్ప మొహం కనబడటం లేదు. వెలుతురు జారిపోతోంది. అప్పుడు నా నోటివెంట, ఏళ్లతరబడి పెళ్లిమండపాల్లో వినీ వినీ నాలుకకు అంటుకుపోయిన మాట దానంతట అదే వచ్చేసింది: "అమ్మా, జర ఇటు సూడున్రి."

చిరుత ఇటు చూసింది.

ముందు సీట్లోంచి బావ ప్రాణం పోయిన మనిషి గొంతుతో గుసగుసగా, "ఇగ నవ్వుమను" అన్నాడు. నేను ఊపిరి బిగబట్టి మీట నొక్కాను. ఆ షట్టరు పడడానికి పట్టిన సమయంలో ఒక లగ్గం, దాని మీద ఒక రిసెప్షన్ చేయవచ్చు. చిరుత అంతసేపూ కదలలేదు. నా జీవితంలో అంత బుద్ధిగా ఫోటో దిగినవాళ్లను ఇంకెవరినీ చూడలేదు. షట్టరు పడగానే ఆవులించింది, నాలుక చూపించింది, లేచి బండ వెనక్కి వెళ్లిపోయింది. బావ తాడు గుంజాడు, తిట్టాడు, మళ్లీ గుంజాడు. ఎల్లారెడ్డి వచ్చేదాకా మేమిద్దరం పెట్టిన కేకలకు ఊళ్లో ఇంకో చిరుత వచ్చిందనుకున్నారట.

మర్నాడు పొద్దున్నే స్టూడియోకి వచ్చి కార్డును పౌడరన్నకు ఇచ్చాను. పౌడరన్న మా దగ్గర కంప్యూటర్ మీద ఫోటోలు సవరించేవాడు. ఎంత నల్లని పెళ్లికొడుకునైనా సాయంత్రానికి పాలరాతి బొమ్మ చేసేవాడు కనుక ఆ పేరు. కంప్యూటర్ తెరమీద చూశాను. కొంచెం చీకటి, కొంచెం ఇసుక, అయినా చిరుత చిరుతే, రెండు కళ్లూ సూటిగా నన్నే చూస్తున్నాయి. "అన్నా, ఆడ చిరుత. జర చీకటిగొచ్చింది. సేటుకు సూపియ్యాలె, మంచిగ చెయ్" అని చెప్పి, ఛాతీ నాలుగంగుళాలు పెంచుకొని, బజారంతా చెప్పుకోవడానికి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి పెద్ద సైజు ప్రింటు బల్లమీద ఉంది. సేటు దాన్ని చూస్తున్నాడు. పక్కన పౌడరన్న చెమట తుడుచుకుంటున్నాడు. చూసి నేను కుర్చీ పట్టుకున్నాను. ఎల్లారెడ్డి గుట్ట మాయమై దాని స్థానంలో మంచుకొండలు, ఒక మూల గులాబీలు. మధ్యలో తెల్లగా, నున్నగా, పెద్ద కళ్లేసుకొని ఏదో పసి ప్రాణి.

"అన్నా, మచ్చలేవీ?"

"తీసేసిన. పొద్దట్నుంచి గదే పనిరా. మస్తుగున్నయ్! గిన్ని మచ్చలు ఏ పెండ్లికూతురుకు సూడలె."

"మీసాలు?"

"ఆడిదన్నవు గదా. బాగుండదని అవి గిట తీసేసిన."

ముందున్న బొమ్మ ఏదని అడిగితే, దానిమీదే సేవ్ చేశానన్నాడు. కార్డు కోసం ఉరికితే, సేటు అప్పటికే దాన్ని తుడిచి మధ్యాహ్నం లగ్గానికి కెమెరాలో పెట్టుకున్నాడు. సేటు ప్రింటును అటు తిప్పీ ఇటు తిప్పీ, "దూడ మంచిగనే ఉన్నది. చిరుతేదిరా?" అన్నాడు. ఒట్టు పెట్టాను, ఏడ్చినంత పని చేశాను. చివరికి ఎల్లారెడ్డికి ఫోన్ చేసి, ఉన్న ఏకైక సాక్షిని లైన్లోకి తెచ్చాను. మా బావ నిజాయితీపరుడు. "చిరుత ఉండెనో లేకుండెనో నేనెట్ల చెప్త సేటూ? నేను కండ్లు మూసుకుంటి" అన్నాడు. సేటు మూల నిలబెట్టిన లైటు స్టాండు వైపు చెయ్యి చూపించాడు. నా జాతకం అక్కడ నిలబడి ఉంది.

సరిగ్గా అప్పుడు భిక్నూర్ నుంచి ఒక అవ్వ, మనవరాలి పెళ్లికి ఫోటోలు మాట్లాడడానికి లోపలికి వచ్చింది. వచ్చి మాట్లాడాల్సింది మాట్లాడకుండా బల్లమీది ప్రింటు చేతిలోకి తీసుకుంది.

"గీ దూడను ఎవలు దింపిన్రు?"

సేటు అయిష్టంగా నన్ను చూపించాడు.

"అబ్బో! దూడ ఒక్కకాడ నిలవడ్తదా? గిట్ల కండ్లల్ల కండ్లు పెట్టి సూసేటట్టు దింపిండంటే మామూలోడు గాదు. మా పిల్లకు సిగ్గు, ఫోటో అంటే తలకాయ లేపది. గీ పిలగాడే రావాలె సేటూ. లేకుంటే నేను వేరే దుకాణానికి పోత."

తర్వాత నా వైపు తిరిగి, "దూడ మీదేనా బిడ్డా?" అని అడిగింది.

సేటు నన్ను చూస్తున్నాడు. ఒకవైపు బండమీది చిరుత, ఒకవైపు అవ్వ ఇప్పించే కెమెరా. అది చిరుత అంటే అవ్వ భయపడి వెళ్లిపోతుంది, పనీ పోతుంది, కెమెరా పోతుంది. నేను మనసులో గుట్టకు దండం పెట్టుకొని, "ఔ అవ్వా. మా బావోళ్లదే. మస్తు బుద్ధిమంతురాలు" అన్నాను. ఆ లగ్గంలో కెమెరా నా మెడలో వేలాడింది, సేటు లైటు పట్టుకున్నాడు. (సరే, సేటు పట్టుకోలేదు, ఇంకొకడు దొరికాడు. కానీ ఇన్నేళ్లుగా నేను ఇలాగే చెబుతున్నాను.)

ఇప్పుడు కామారెడ్డిలో నాకో సొంత దుకాణం ఉంది. ఇప్పటి కెమెరాలు చీమ నీడను కూడా చీకట్లో పట్టేస్తాయి. వాటిని భుజాన వేసుకొని బావతో కలిసి ఆ బండ దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. బండ ఉంది, బావ ఉన్నాడు, ఇప్పుడు కళ్లు తెరిచే కూర్చుంటున్నాడు, చిరుత మాత్రం మళ్లీ రాలేదు. దాని ఫోటో మా దుకాణంలో కౌంటరు వెనక ఉంటుంది. వచ్చినవాళ్లు అది ఏ జాతి దూడ, పాలెన్ని ఇస్తుంది అని అడుగుతారు. నేను కాదనకుండా ఏదో ఒకటి చెబుతాను.

మొన్న నాకే పాస్‌పోర్టు ఫోటో కావాల్సి వచ్చింది. పౌడరన్న ఇప్పుడు నా దగ్గరే పని చేస్తున్నాడు, కళ్లద్దాలు మందమయ్యాయి కానీ చేతి పనితనం తగ్గలేదు. ప్రింటు తెచ్చి ఇచ్చాడు. నెరిసిన గడ్డం లేదు, కళ్లకింద ముడతలు లేవు, లైటు వేడికి మాడిన కుడిచెంప ఎడమచెంపతో సమానంగా మెరిసిపోతోంది. "ఎట్లున్న అన్నా?" అంటే, దాన్ని గోడమీది ఫోటో పక్కన పట్టుకొని చూసి, "అక్కతమ్ముండ్ల లెక్కున్నరు" అన్నాడు.

నవ్వొచ్చింది. ఆ ఫోటో అలాగే ఫారానికి అంటించి పంపేశాను. ఆ సాయంత్రం మసక వెలుతురులో నన్ను అంత సూటిగా చూసిన ప్రాణి ఇప్పుడెక్కడైనా ఎదురుపడితే, ఈ ఫోటో చూపించి లాభం లేదు. ముడతలతో సహా మొహం చూపించాలి. అప్పుడైనా గుర్తుపట్టి, జర ఇటు చూస్తుందేమో.