ఈశాన్య మూల పైపు

మూలకుళంలోని మా ఇంటి పెరట్లో, ఈశాన్య మూలన, నేలలోంచి జానెడు ఎత్తున ఒక ఇనుప పైపు ఉండేది. ప్రతి శుక్రవారం నాయన స్నానం చేసి, తడి తువ్వాలుతోనే వెళ్లి అందులో ఒక బిందె నీళ్లు పోసేవాడు. ఎండాకాలమైతే పిడికెడు రాళ్లుప్పు కూడా వేసేవాడు. వెనకే అమ్మ పోయి పైపుకు పసుపు రాసి బొట్టు పెట్టేది. అమ్మ దేనికి పెట్టదు గనక, నీళ్ల మోటారుకూ గ్రైండరుకూ కూడా పెడుతుంది. కానీ చిన్నప్పుడు బంతి కోసం పోయి నేను ఆ పైపు మీద కాలు పెట్టబోతే నాయన గట్టిగా కసిరాడు.

"ఆడ తొక్కద్దు. పెద్దోళ్లుండారు ఆడ."

పెద్దోళ్లంటే మా ఇంట్లో చనిపోయిన పెద్దలు. అప్పట్నించీ ఆ మూలకు పోవాలంటే చెప్పులు విడిచే పోయేవాణ్ణి.

నాయన పోయిన మరుసటి ఏడు, వానలు దిగకముందే ఇంటి మరమ్మతులు పెట్టుకున్నాను. మిద్దె మీద పగుళ్లు పూడ్పించాను. ఉప్పుగాలికి తుప్పు పట్టిన కిటికీ ఊచలకు రంగు వేయించాను. నీళ్ల తొట్టి కడిగించాను. మేస్త్రీ ఇంకా ఇంట్లోనే ఉన్నాడు, సిమెంటూ మిగిలింది. మన పెద్దలు మాత్రం గడ్డిలో దిక్కులేకుండా ఉండటమేమిటని మనసొప్పక, ఆ పైపును కప్పి నడుమెత్తు తిన్నె కట్టించాను. పైన తెల్ల టైల్సు, ముందు దీపానికి గూడు. పైపు నుంచి గోడవైపు పోయే తుప్పు తీగ ఒకటి తిన్నెకు అడ్డమొచ్చింది. ఏం చేయమంటారని మేస్త్రీ అడిగితే తీసెయ్యమన్నాను. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది, ఏమీ అనలేదు. ముచ్చట పడుతోందనుకున్నాను. ఆ శుక్రవారం టైల్సు మీదే చెంబెడు నీళ్లు పోసి బొట్టు పెట్టింది.

ఇక్కడ నా ఉద్యోగమేమిటో చెప్పాలి. చెప్పడానికి నోరు రావడం లేదు. నేను బడిలో ఫిజిక్సు చెబుతాను. ఏటా పదో తరగతికి బోర్డు మీద ఒక బొమ్మ గీస్తాను. నేలలో గుంట, గుంటలో పైపు, చుట్టూ ఉప్పూ బొగ్గూ, పైనుంచి నీళ్లు, పైపు నుంచి ఇంట్లోకి ఒక తీగ. దాని పేరు ఎర్త్. ఏదైనా మెషీన్ పాడై దాని ఒంట్లోకి కరెంటు దిగితే, ముట్టుకున్న మనిషి జోలికి పోనీకుండా దాన్ని నేలలోకి లాగేసేది అదే. ఉప్పు ఎందుకు వేస్తారని అడిగి, చెప్పలేని పిల్లలను నిలబెడతాను కూడా.

తిన్నె కట్టిన మూడు నెలలకు, ఒక ఆదివారం పొద్దున, తడి నేల మీద ఉత్త కాళ్లతో నిలబడి వాషింగ్ మెషీన్లోంచి బట్టలు తీస్తున్న అమ్మ కెవ్వుమంది. నేను వెళ్లేసరికి గోడవారగా పడి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి, వాటిలో చూపు లేదు. కుడిచెయ్యి వంకర తిరిగి బిగుసుకుపోయింది. నా భార్య పరుగెత్తి మెయిన్ స్విచ్ ఆపింది. నేను ఉన్నచోటే ఉన్నాను. అమ్మ చచ్చిపోయిందనే అనుకున్నాను. కాసేపటికి అమ్మ పెద్దగా ఊపిరి తీసింది. ఆస్పత్రిలో ఒకరోజు ఉంచుకుని, గుండెకేమీ కాలేదని పంపించారు.

మా వీధి చివరి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. మావాడే, ఈ తమిళ ఊళ్లోనూ మాతో తెలుగే మాట్లాడతాడు. మెషీన్ లోపల వైరు చితికిందని చూపించాడు. తరువాత మీటరు బోర్డు కింద వేలాడుతున్న తీగ ముక్కను పట్టుకుని నన్ను పిలిచాడు.

"అన్నా, మీ ఇంటికి ఎర్త్ యాడ?"

నేను తిన్నెవైపు చూశాను. టైల్సు, గూడు, అందులో కొడిగట్టిన వత్తి. అప్పుడు, అంటే నలభై ఏడేళ్ల వయసులో, నా బోర్డు మీది బొమ్మ మా పెరట్లో కనిపించింది. గుంట, పైపు, ఉప్పు, శుక్రవారం బిందెడు నీళ్లు. చేత్తో తిన్నెను చూపించాను.

అతను తిన్నెను చూశాడు, నన్ను చూశాడు. "అన్నా, ఎవురు దీని మీద గుడి కట్టించింది?"

సాయంత్రానికి తిన్నె పగలగొట్టాము. పైపు చుట్టూ మట్టి ఎండి పొడిపొడిగా రాలింది. అతను కొత్త తీగ బిగిస్తుంటే, అమ్మ కుర్చీలో కూర్చుని ఎడమచేత్తో కుడిచెయ్యి ఒత్తుకుంటూ చూస్తోంది. నేను ఆమె పక్కన నేల మీద కూలబడ్డాను.

"నాయన అది పెద్దోళ్లని చెప్పినాడు గదమ్మా."

"నువ్వు తొక్కకుండా అట్ల చెప్పినాడు నైనా. కరెంటు దిగే చోటు, ఎండనియ్యొద్దని నాకు చెప్పినాడు."

"మరి నేను సిమెంటు ఏయిస్తా ఉంటే ఎందుకు ఊరకుండావు?"

అమ్మ నన్ను వింతగా చూసింది.

"బడిలో కరెంటు పాఠం చెప్పేవోడివి గదా, తెలీకుండా చేస్తావా అనుకొంటి. వారం దినాలుగా మెషీన్ ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటా ఉండె. నువ్వు చేసిన పనిలో తప్పుండదని, అట్లే బట్టలు తీస్తా ఉంటి."