మూడుసార్లు కుట్టిన గళ్ళ చొక్కా

తాత దర్జీ. నలభై ఏళ్ళుగా ఇంటి ముందుగదిలోనే ఆయన మిషను. చొక్కా కుట్టడంలో తనను మించినవాడు లేడని ఆయన నమ్మకం. ఎవరూ కాదనకపోయినా రోజుకోసారి ఆయనే గుర్తుచేసేవాడు. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది, కళ్ళజోడు మాత్రం వెతుక్కోవలసి వచ్చేది.

ఆ ఏడాది ఆయన అడుగు చిన్నదైపోయింది. కాళ్ళెత్తకుండా నేలకు రాసుకుంటూ నడిచేవాడు. పేర్లన్నీ గుర్తే, పని వరస మాత్రం తప్పేది. భుజాలు కలపకముందే కాలరు పట్టుకుని కూర్చునేవాడు. ఒకసారి బ్యాంకు గుమాస్తా చొక్కాకి కుడి చెయ్యి ఎడమవైపు, ఎడమ చెయ్యి కుడివైపు కుట్టి పంపాడు.

నాయనమ్మ ఆయన్ని ఆసుపత్రికి లాక్కెళ్ళింది. స్కానింగులో మెదడు నిండా తెల్ల మచ్చలు.

"లోపలి సన్న రక్తనాళాలు దెబ్బతిన్నాయి పెద్దాయనా," అంది డాక్టరమ్మ. "ఏళ్ళ తరబడి బీపీ. దానికి తోడు నాళాల గోడల్లో వాపు. ఒంట్లో మరమ్మతు చేసే కణాలుంటాయి. దెబ్బ తగిలినచోటికి వచ్చి, పనయ్యాక వెళ్ళిపోవాలి. ఒక్కోసారి వెళ్ళవు. అక్కడే తిష్ఠవేసి మంచి గోడను కూడా పాడుచేస్తాయి. ఈ జబ్బులో వాటి వంతు ఎంతో పరిశోధకులు ఇంకా తేలుస్తున్నారు."

"అంటే కాపలా పెట్టినవాళ్ళే కన్నం వేశారన్నమాట."

"కావాలని కాదండీ. బాగుచేద్దామనే మొదలుపెడతాయి. దీనికని తేలిన మందు ఇంకా లేదు. బీపీ మాత్ర మానొద్దు, నడక మానొద్దు, చేతిపని అస్సలు మానొద్దు."

ఆ చివరి మాట నాయనమ్మ కొంగున ముడేసుకుంది.

వారం తిరక్కుండానే గళ్ళ గుడ్డ తెచ్చింది. "బళ్ళో కొత్త మాస్టారిదండీ. నేనే కత్తిరించేశాను, మీరు కుట్టండి చాలు." తాత నాలుగు రోజులు కుట్టాడు. గుండీల కాజాలు ఎప్పుడూ నాయనమ్మ వంతే కాబట్టి చొక్కా లోపలికి వెళ్ళింది. తర్వాతి వారం మాస్టారి తమ్ముడికీ అదే గుడ్డ నచ్చిందట. ఆపై వారం బావమరిదికి. "చూశావా, నా చెయ్యి పడితే ఇంటిల్లిపాదీ వరస కడతారు," అని తాత మీసం దువ్వాడు.

మూడో చొక్కా ముక్కను మడత చూద్దామని కిటికీ వెలుగుకి ఎత్తిపట్టాడు. అంచుల వెంట సన్న సన్న చిల్లులు, రెండు వరసలు. టేపు పెట్టి లెక్కపెట్టాడు. అంగుళానికి పన్నెండు. ఆ లెక్కన కుట్టేది తానొక్కడే.

"ఏమే, ఇటు రా."

"పొయ్యి మీద పాలున్నాయండీ."

"పొంగనీ. ఆ మాస్టారికి తమ్ముడున్నాడా?"

నాయనమ్మ గుమ్మం దాకా వచ్చి కొంగుతో చేతులు తుడుచుకుంది.

"పోనీ, బావమరిది?"

"అసలు మాస్టారే లేడు తాతా," అనేసింది పక్కనున్న మనవరాలు. తాత మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు వంటింట్లో బ్లేడుతో కుట్లు విప్పింది అదే మరి.

"చేతిపని మానొద్దంది కదండీ డాక్టరమ్మ," అంది నాయనమ్మ.

"నిజం బేరాలేమయ్యాయి?"

"నేనే వద్దని పంపేశాను. గుమాస్తా చొక్కా చూసి ఆఫీసంతా నవ్వారట. ఇంకెవరూ మిమ్మల్ని చూసి నవ్వకూడదని..."

"నవ్వితే పడేవాణ్ణి. తప్పు కుడితే మొహం మీద చెబితే విప్పుకునేవాణ్ణి. లోపల ఆ కాపలావాళ్ళు నాళాలు విప్పుతున్నారు, బయట నువ్వు కుట్లు విప్పుతున్నావు."

"బాగుకోసమే కదండీ."

"వాళ్ళూ అందుకే వచ్చారట."

పాలు పొంగి మాడు వాసన వచ్చింది. ఎవరూ కదల్లేదు.

ఎనిమిది రోజులు తాత నాయనమ్మతో మాట్లాడలేదు. తొమ్మిదో రోజు ముక్కలు కొలిచాడు. విప్పి విప్పి అంచులు పీచులై రాలిపోయి, చొక్కా చిన్నదైంది.

"ఇక ఏ మాస్టారికీ పట్టదు. బ్లేడు పట్టావుగా, నువ్వే వేసుకు తిరుగు," అని మనవరాలిని మిషను పక్కన నిలబెట్టాడు. "నేను కుడతాను. వరస నువ్వు చెప్పు. తప్పితే తప్పిందను."

రెండు భుజాలూ కలిపాడు.

"భుజాలయ్యాక?"

"కాలరండీ," అంది గుమ్మంలోంచి నాయనమ్మ.

తాత మిషను ఆపేశాడు. తల తిప్పకుండా మనవరాలినే మళ్ళీ అడిగాడు.

"భుజాలయ్యాక?"