మావయ్య తెచ్చిన ఎర్ర చేప

మొన్న, సముద్రం లేని ఈ హిందీ ఊళ్ళో, శంకర్ నగర్‌లో చేపల కొట్టువాడు "సముందర్ కా మాల్ హై దీదీ" అని, సముద్రం సరుకేనంటూ ఐసు పక్కకి నెట్టి ఒక ఎర్ర చేపని చూపించాడు. చెప్పిన ధరకే తీసుకున్నాను. నేను బేరం ఆడకుండా ఏదైనా కొన్నానంటే మా ఆయన నా నుదురు పట్టి చూస్తారు, జ్వరమేమోనని. ఆ చేప దగ్గర బేరమాడే మొహం నాకు లేదు.

మా అమ్మాయి కడుపులో ఉన్న రోజులవి. డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీ క్వార్టర్‌లో వేవిళ్ళతో మంచానికి అతుక్కుపోయి ఉన్నాను. భీమిలి నుంచి మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, ఫోను చేసి "ఏటి తినాలనుందే తల్లీ?" అన్నాడు. మా ఇళ్ళల్లో కడుపుతో ఉన్న మేనకోడలి కోరిక మేనమామే తీర్చాలి. నాకు మంచినీళ్ళే సయించడం లేదు. ఆ మాట చెబితే బెంగపడతాడని, "నువ్వు పట్టే ఎర్ర చేప పులుసు" అనేశాను. నా నోరు ఊరుకోదు కదా!

ఆ చేప కాపురం సముద్రంలో మునిగిన బండల సందుల్లో. తెప్ప మీద వెళ్ళి చేత్తో గేలం వెయ్యాలి. గేలం మింగగానే అది సందులోకి దూరిపోతుంది. దారం వదిలితే బండకి ఒరుసుకుని తెగిపోతుంది, బిగబడితే వేలు తెగుతుంది. మావయ్య బిగబట్టాడు.

వేలికి గుడ్డ చుట్టుకుని, ఐసు డబ్బాతో రైలు దిగి వచ్చాడు. తనే పులుసు పెట్టాడు. వాసన తగలగానే నేను పెరట్లోకి పరుగు. ఒక్క ముద్ద దిగలేదు. ఓలమ్మా, అప్పుడు మావయ్య మొహం చూడాలి! "నీ తప్పేటున్నాదే, ఐసు నేనే తక్కువేసినాను" అంటూ ఆ గుడ్డ కట్టిన చేత్తోనే నా వీపు నిమిరాడు. చేప తాజాగానే ఉంది. పక్క క్వార్టర్ వాళ్ళు గిన్నె నాకారు.

ఆ వేలు మళ్ళీ వంగలేదు, ఆయన మళ్ళీ గేలం పట్టలేదు. మావయ్య పోయినప్పుడు వెళ్తే అత్త నా చెయ్యి పట్టుకుని, "ఆ పులుసు గిన్నె ఊడ్చీసినావటే, ఎన్నిసార్లు చెప్పుకుని మురిసిపోయీవోడో" అంది. సిగ్గుతో చచ్చిపోతూ అవునని తలూపాను.

మొన్నటి పులుసు మా అమ్మాయి లొట్టలేసుకుంటూ తిని, "మమ్మీ, ఔర్ హై క్యా?" అని, ఇంకా కావాలంటూ కంచం చాపింది. గిన్నెలో మిగిలిందంతా దాని కంచంలోకి ఊడ్చేశాను. ఆనాటి కోరిక నాది కాదు, దీనిదే కాబోలు. అడగడానికి దీనికి ఇన్నేళ్ళు పట్టింది, అన్నేళ్ళు మావయ్య ఆగలేకపోయాడు.