తొట్టిలో అడ్డం

ఆ రోజుల్లో నా కోపానికి నోరు తప్ప వేరే దారి లేదు. అక్షరాలు వచ్చి ఉంటే అప్పుడే రాసి పడేసేదాన్ని. "పత్తి ఏరే చేతికి పలకెందుకు?" అన్నాడు మా నాయన. నలభై దాటాక, మహిళా సంఘంలో వేలిముద్ర వేయడానికి సిగ్గుపడి, మా కూతురి దగ్గర ఒత్తులు దిద్దుకున్నాను. ఇన్నేళ్ళైనా కోపం మాత్రం చల్లారలేదు, వేడివేడిగానే వడ్డిస్తున్నాను.

పెళ్ళైన కొత్తలో పాల్వంచ క్వార్టర్‌లో మా కాపురం. మా ఆయనకు కరెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ, మిగతా పొద్దంతా అద్దాల తొట్టి ముందు డ్యూటీ. అందులో ఒక ఫ్లవర్‌హార్న్ చేప. నెత్తిమీద ఇంత బొడిపె, ఎవరినీ లెక్కచేయని చూపు. మా లైన్‌లో అందరూ దాన్ని 'దొర' అనేవాళ్ళు. (బొడిపె ఒక్కటే తక్కువ గానీ, మా ఆయనా అంతే. కూరలో ఉప్పు తగ్గితే పళ్ళెం గోడకు తగిలేది. "మగోడన్నంక గంత కోపం ఉంటది బిడ్డా, సర్దుకోవాలె" అంటూ మా అత్తమ్మ గోడ తుడిచే గుడ్డ నా చేతికిచ్చేది.)

దొరకు జోడీగా ఒక ఆడచేపను కొన్నాం. చేపల దుకాణం భాయ్ మా ఇద్దరి ముందే చెప్పాడు: "నడిమిట్ల అద్దం పెట్టు తమ్మీ. ఆడది గుడ్లకొచ్చి, తనంతట తాను అద్దం కాడికొచ్చేదాక తియ్యకు. మగదాని తొందర జూసి తీసినవో, సంపుతది." పెట్టాం. దొర అద్దాన్ని ముక్కుతో పొడుస్తూనే ఉన్నాడు. ఆడది మూలన కుండపెంకు వెనక నుంచి కదల్లేదు. డ్యూటీలో అందరికీ చేపపిల్లలిస్తానని మా ఆయన ముందే మాటిచ్చేశాడు, ఇక ఆగుతాడా? ఒక సాయంత్రం రాగానే అద్దం పీకేశాడు.

"ఏందయ్యా, భాయ్ ఏం జెప్పిండు?"

"భాయ్‌కేం ఎరుక? జర్రసేపట్ల కలిసిపోతయ్."

"కొత్తల గట్లనే ఉంటది. అదే సర్దుకుంటది" అంది అత్తమ్మ.

దొర ఒక్క దూకు దూకాడు. ఆడదాని తోక చీలింది, పొలుసులు రాలి నీళ్ళలో తేలాయి. పారిపోవడానికి చోటేదీ? నాలుగు వైపులా అద్దమే. చివరికి పైకి తేలి, నోరు తెరిచి పక్కకు ఒరిగింది, మొప్పలు మాత్రం ఇంకా కొట్టుకుంటున్నాయి.

"ఇంకెంత సర్దుకోవాలె అత్తమ్మా? సచ్చేదాకనా?" అని అరిచి, తొట్టి నీళ్ళే బకెట్లోకి ముంచి, బియ్యం జల్లెడతో దాన్ని ఎత్తి అందులో వేశాను.

"నా చేపల నడుమ నీకేం పని?" అన్నాడు మా ఆయన.

"నడుమ ఎవ్వరు లేకుంటే గిట్లనే సస్తయ్!"

ఆ పూట కూరలో ఉప్పు తగ్గింది (తగ్గదా మరి!). పళ్ళెం గోడకు తగిలింది. అత్తమ్మ గుడ్డ అందించింది. నేను అందుకోలేదు.

తెల్లారి ఆయన మొదటి షిఫ్టుకు లేచేసరికి, కిటికీ ఊచ నుంచి తలుపు మేకు దాకా మా పెళ్ళి దుప్పటి అడ్డంగా కట్టి ఉంది. ఆయన, వాళ్ళమ్మ, దొర, చారు మరకల గోడ అటు. నేను, పొయ్యి, బియ్యం డబ్బా, బకెట్లో మెల్లగా మొప్పలాడిస్తున్న ఆడచేప ఇటు. (అక్షరం ముక్క రాని ఆ పిల్లను తలచుకుంటే ఇప్పటికీ ముద్దొస్తుంది నాకు.)

"ఏందే ఇది?" అని దుప్పటి అరిచింది. కాసేపటికి గొంతు తగ్గించి, "ఎప్పుడు తీస్తవ్?" అని అడిగింది.

"భాయ్ జెప్పిండు గదా, ఆడది అద్దం కాడికి రావాలె" అని, ఒక్క గ్లాసుకే చాయ్ వడబోసుకుని, బకెట్ పక్కన కూర్చుని తాగాను.