సమ్నియాంగ్ పెద్దమ్మ సాకిన సీసా

మా వైద్య కళాశాలలో పిత్తనాళపు క్యాన్సర్ మీద పనిచేసేవాళ్ళం పదకొండుమందిమి. పదిమందికి పేరు పక్కన పట్టాలున్నాయి. పదకొండో మనిషి సమ్నియాంగ్ పెద్దమ్మ. సీసాలు కడిగే పనిలో చేరింది. కణాలను బతికించే విద్యలో మా పదిమందినీ కట్టగట్టినా ఆమెకు సాటిరాము.

మా ఈసాన్ ప్రాంతంలో ఈ జబ్బు పచ్చి చేప వల్ల వస్తుంది. నిమ్మరసం, మిరప్పొడి కలిపి జిగురన్నంతో నంజుకుంటారు. అందులోని పురుగు కాలేయంలో కాపురం పెట్టి, ఏ ఇరవై ఏళ్ళకో ప్రాణం తీస్తుంది. పెద్దమ్మ భర్త ఖంపన్ చెరకు లారీ నడిపేవాడు. ఆయనకు ఆ చేప సన్నగా తరిగి పెట్టింది పెద్దమ్మే. ఆయన మా ఆసుపత్రి మూడో అంతస్తులో పోయిన మధ్యాహ్నం ఆమె ఎదురు భవనంలో తొట్టి దగ్గర సీసాలు కడుగుతోంది. కబురు తెలిసి పరిగెత్తేసరికి దుప్పటి కప్పేశారు. ఈ రెండు సంగతులూ ఆమెను ఇప్పటికీ తింటూనే ఉన్నాయి.

ఆపరేషన్‌లో తీసే గడ్డ ముక్కను పరిశోధనకు వాడుకొమ్మని ఖంపన్ సంతకం పెట్టాడు. అలాంటి ముక్కలు చాలావరకు సీసాలో పట్టుమని పది రోజులు బతకవు. ఖంపన్‌వి బతికాయి. మేం ఆజాన్, అంటే గురువుగారు, అని పిలిచే మా పెద్దాయన ప్రయూన్ వాటికి కె-ఎనిమిది అని పేరు పెట్టారు. మేత తనే పెడతానని పెద్దమ్మ అడిగి తీసుకుంది. గులాబిరంగు పోషక ద్రవాన్ని మేం మేత అంటాం. రెండు రోజులకోసారి పాతది తీసి కొత్తది పొయ్యాలి. సీసా మీద మా నంబరు కింద ఆమె ‘ఖంపన్’ అని రాసిన చీటీ ఉండేది. సీసా మార్చినప్పుడల్లా ఆ చీటీనే ఊడదీసి కొత్తదానికి అంటించేది. తొమ్మిదేళ్ళలో ఒక్క వారం తప్ప ఆ మేత వేరే చేతికి ఇవ్వలేదు.

మేతలో దూడ రక్తం నుంచి తీసిన సీరం కలుపుతాం. “చూశావటే నుచ్, ఉడికించి పెడితే మొహం తిప్పుకునేవాడు. ఇప్పుడు దూడ నెత్తురు తాగుతున్నాడు. ఈయనకి పచ్చితిండి యావ చచ్చినా పోలేదు” అనేది నాతో. కణాలు ఒత్తుగా కనబడితే, “ఇవాళ ఒళ్ళు చేశాడు” అని మురిసిపోయేది. “ఈయన్నించి ఓ మందు పుడితే, ఆ చేప తరిగిన చేతులు కాస్త శుభ్రపడతాయి” అని ఒకసారి అంది.

నిరుడు ఒక వైద్య పత్రిక మా వ్యాసం వేసుకునే ముందు ఆ కణాలు ఎవరివో రుజువు చూపించమంది. ఫ్రీజర్‌లో దాచిన ఖంపన్ రక్తంతో పోల్చి చూశాను. కలవలేదు. మూడుసార్లు చేశాను. అవి మగమనిషి కణాలే కావు. విదేశం నుంచి తెప్పించి మేం పెంచుతున్న మరో రకం, ఎవరో ఆడమనిషి గడ్డలోంచి వచ్చినవి. కలుపుగడ్డిలా పెరుగుతాయి. ఒక్క చుక్క పక్క సీసాలో పడితే చాలు, కొన్నాళ్ళకు అసలువాటిని తొక్కేసి సీసా అంతా అవే అవుతాయి.

పాత నోటుపుస్తకాలు తిరగేశాను. ఆరేళ్ళ కిందట ఒక్క వారం చేతిరాత మారింది. ఆ రాత నాది. ఖంపన్ పేరిట భిక్షువులకు అన్నం పెట్టడానికి పెద్దమ్మ ఊరెళ్ళిన వారం అది. కొత్తగా చేరిన నేను, బద్ధకించి, రెండు రకాలకూ ఒకే మేత బుడ్డి వాడాను. పైగా ఆ సంగతి పుస్తకంలో రాసుకున్నాను కూడా. అంతకుముందు గడ్డకట్టించి దాచిన ఖంపన్ కణాలు, వరదల ఏడు వాటిని చల్లగా ఉంచే ద్రవ నత్రజని పీపా ఎండిపోయి, ఎప్పుడో చచ్చిపోయాయి.

“ఆమెకి చెప్పకమ్మా. బూజు పట్టిందని చెప్పి పారేద్దాం. నాలుగు రోజులు ఏడుస్తుంది, సర్దుకుంటుంది” అన్నారు ఆజాన్.

నాకు ఒళ్ళు మండింది. బూజు పట్టిందంటే మేత పెట్టిన చెయ్యి మురికిదని అర్థం. మొగుణ్ణి మళ్ళీ నేనే చంపుకున్నానని ఆమె అనుకోవాలా? తొట్టి దగ్గరికి వెళ్ళాను.

“పెద్దమ్మా, ఆ సీసాలో ఉన్నది పెదనాన్న కాదు” అని మొదలుపెట్టి అంతా చెప్పాను.

ఆమె కడగడం ఆపలేదు. “ఎప్పట్నించీ?”

“మీరు అన్నం పెట్టడానికి ఊరెళ్ళిన వారం నుంచి. బుడ్డి కలిపేసింది నేనే.”

“అయితే రెండోసారి పోయినప్పుడూ నేను దగ్గర లేనన్నమాట.”

తిట్టినా బాగుండేది. నేను అక్కడే నేలమీద కూలబడి ఏడ్చాను. ఆమె తడి చేత్తోనే నా రెక్క పట్టి లేపింది.

“మరి లోపలున్నావిడెవరు?”

“పేరు లేదు పెద్దమ్మా. ఆడమనిషి, యాభై నాలుగేళ్ళు అని మాత్రం ఉంది.”

“ఆరేళ్ళుగా ఆ తల్లిని మగాడనుకుని తిట్టిపోశానే” అంది. నవ్వబోయింది, రాలేదు. చేతులు తుడుచుకుంది. “పద. ఇవాళ మేత రోజు.”

ఎప్పటిలాగే పాతది తీసి కొత్తది పోసింది. మూత బిగించాక ‘ఖంపన్’ చీటీని గోటితో మెల్లగా, చిరగకుండా ఊడదీసింది. కొత్త సీసా కోసం చూసినట్టు అలవాటుగా చుట్టూ చూసింది. తర్వాత దాన్ని మడిచి జేబులో పెట్టుకుంది.